ర్యాక్ బిగిద్దామంటే గ్రాబ్ రైల్ బోల్టు రావట్లేదు, అలెన్ గుంత అరిగిపోయింది

కొత్తపానా:
అన్నలూ, అరగంట పని అనుకుని పొద్దున మొదలుపెట్టాను. చీకటి పడింది, బండి సీటు లేకుండా అలాగే నిలబడి ఉంది. వెనక డబ్బా పెట్టుకోవడానికి ర్యాక్ తెచ్చాను. దాన్ని బిగించాలంటే వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకునే రైల్ బోల్టులు నాలుగూ తీసి, వాటి చోట ర్యాక్‌తో వచ్చిన పొడుగు బోల్టులు వెయ్యాలి. ముందు రెండూ సీటు కింద దాక్కుని ఉంటాయి కాబట్టి కొత్తవాటిలా వచ్చేశాయి. పేచీ అంతా వెనక రెండింటితోనే.

కుడివైపుది కీ పెట్టి తిప్పగానే టక్ మంది. బోల్టు వదిలిందనుకుని సంతోషపడ్డాను. చూస్తే వదిలింది బోల్టు కాదు, గుంతలో ఆరు మూలలు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తిప్పి (తప్పే, తెలుసు) లోపల గుండ్రంగా, నున్నగా చేసేశాను. ఎడమవైపుదానికి మూలలు బాగానే ఉన్నాయి గానీ అది ఇసుమంత కూడా కదలట్లేదు. కీయే మెలి తిరిగి, చెయ్యి వదిలితే స్ప్రింగులా వెనక్కి వస్తోంది. కీకి పైపు తొడిగి లాగుదామనుకున్నాను, తల తెగితే మొదటికే మోసం అని ఆగాను.

బోల్టు తల పుట్టగొడుగులా ఉబ్బెత్తుగా ఉంటుంది, సైజు ఎం8 (అంటే కడ్డీ లావు 8 ఎంఎం). బండికి ఏడేళ్ళు, ఇవి ఎప్పుడూ తీసినట్టు లేదు. నా దగ్గర అలెన్ కీల (ఆరు మూలల గుంతలో పెట్టి తిప్పేవి) సెట్టు, సుత్తి, డ్రిల్ మిషన్, గ్రిప్ ప్లేయర్, డబ్ల్యూడీ-40 ఉన్నాయి. అరిగిన బోల్టులో రంధ్రం వేసి, దిగేసి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ అని ఒకటి ఉంటుందట, కొనమంటారా? మెకానిక్ ఎలాగూ ఉన్నాడు, కానీ నా చేత్తో పాడుచేసింది నా చేత్తోనే తియ్యాలని పట్టుదల.

సైడ్‌స్టాండ్:
గ్రైండర్ పెట్టి తల లేపెయ్ బ్రో. ఐదు నిమిషాలు.

పాతపానా:
సైడ్‌స్టాండ్ బ్రో, ఆ బోల్టుకి ఒక పక్క టెయిల్ ల్యాంప్ ప్లాస్టిక్, కింద వైరింగ్, ముందు పెట్రోల్ ట్యాంకు. అక్కడ నిప్పురవ్వలు ఎగజిమ్మే పని మొదటి సలహాగా ఎలా ఇస్తావు, అది అన్నీ అయిపోయాక చూసుకునేది.

కొత్తపానా, ఏదీ కొనకముందు నాలుగు విషయాలు చెప్పు. నువ్వు వాడిన కీ కచ్చితంగా 5 ఎంఎందేనా? ఉబ్బెత్తు తల ఎం8 బోల్టుకి 5 ఎంఎం కీ పడుతుంది, నిలువు తలదైతే 6 పడుతుంది. కీ మీద ఏం రాసి ఉందో చదివి చెప్పు. రెండు, కీ పెట్టేముందు గుంతలో మట్టి తీశావా? మూడు, బోల్టు చుట్టూ కనిపించే తుప్పు ఎర్రదా, తెల్ల పొడా? నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, మడ్‌గార్డ్ వైపు నుంచి తల దూర్చి పైకి చూడు, బోల్టు చివర ఫ్రేము కిందికి పొడుచుకొచ్చి కనిపిస్తోందా?

కొత్తపానా:
అన్నా, కీ మీద 3/16 అని ఉంది. సెట్టులో ఎంఎంవీ అంగుళాలవీ కలిపి వచ్చాయి, చేతికి దొరికింది పెట్టి చూస్తే సరిపోయినట్టే అనిపించింది. పైగా బంతి తల ఉన్న వైపు పెట్టాను, వంకరగా కూడా తిరుగుతుంది కదా అని. మట్టి తియ్యలేదు. ఇప్పుడు గుండుసూదితో పొడిస్తే ఎడమవైపు గుంతలోంచి సిమెంటులాంటి మట్టి రాలింది, దాదాపు సగం లోతు దానిదే. రైల్ అల్యూమినియంది, బోల్టు చుట్టూ ఉప్పులాంటి తెల్ల పొడి ఉంది. కింద నుంచి చూస్తే ఫ్రేముకి వెల్డ్ చేసిన నట్టు, దాంట్లోంచి బోల్టు ఒక పది ఎంఎం బయటికి వచ్చి ఉంది, అది మాత్రం ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉంది.

పాతపానా:
ఇంకేం, సగం సంగతి నువ్వే తేల్చేశావు. 3/16 అంగుళం అంటే 4.76 ఎంఎం. పావు ఎంఎం వదులు. దానికి తోడు బంతి తల, అది మూలల్ని పూర్తిగా తాకదు, ఒక సన్నని గీత మీదే బరువంతా వేస్తుంది. వదులైన బోల్టుని వంకరగా గబగబా తిప్పడానికే అది పనికొస్తుంది, పట్టేసిన దాన్ని కదిలించడానికి ఎప్పుడూ పెట్టకూడదు. పైగా ఉబ్బెత్తు తలలో గుంత లోతే తక్కువ, అందులో సగం మట్టి. అందుకే నీ బోల్టు మొండిదో కాదో ఇప్పటికీ తెలీదు, దాన్ని సరిగ్గా పట్టుకుని తిప్పింది ఎవరూ లేరు.

ఎడమవైపుది ముందు చూడు, అది ఇంకా బతికే ఉంది. గుంత అడుగు మెరిసేదాకా శుభ్రం చెయ్యి. ముందు తీసేసిన రెండు బోల్టులూ మళ్ళీ పెట్టి చేత్తో నాలుగు చుట్లు తిప్పు. లేకపోతే రైల్ ఒక పక్కకి వాలి మిగిలిన బోల్టుని ఇంకా గట్టిగా నొక్కుతుంది. తర్వాత కిందికి వెళ్ళు. చాలామంది పై నుంచి తల మీద ఆయిల్ కొట్టి, రాలేదని తిట్టుకుంటారు. పట్టుకున్నది కిందనయ్యా. ఆ ఎర్రటి తోక నట్టులోంచి పైకి రావాలి కదా, దాని మీద ఉన్న తుప్పంతా త్రెడ్డులో ఇరుక్కుంటుంది. వైరు బ్రష్‌తో ఆ పది ఎంఎం తోకని లోహం కనిపించేదాకా గీకి, అక్కడ కింద నుంచి ఆయిల్ కొట్టు. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా అసలు నీటిని తోలడానికి పుట్టింది, పేరులో ‘డబ్ల్యూ డీ’ అంటే అదే. లేనిదానికంటే నయమే గానీ, తుప్పులోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ వేరే దొరుకుతుంది, అది తెచ్చుకో. కొట్టిన వెంటనే తిప్పకు. రాత్రంతా వదిలెయ్, మధ్యలో రెండు మూడుసార్లు తల మీద సుత్తితో నిటారుగా దెబ్బలెయ్యి. ఆ అదురుకి తుప్పు చిట్లి ఆయిల్ లోపలికి జారుతుంది.

తిప్పేటప్పుడు ముందు బిగించే వైపు ఒక్క వెంట్రుకవాసి తిప్పు. పట్టు అటు విడినా విడినట్టే. ఆ తర్వాత ఇటు. కొంచెం కదిలాక అదే పనిగా విప్పుకుంటూ పోకు, పావు చుట్టు విప్పు, కొంచెం వెనక్కి బిగించు, ఆయిల్ కొట్టు, మళ్ళీ విప్పు. ఎల్ ఆకారం కీ కాకుండా, రాట్చెట్‌కి పెట్టుకునే 5 ఎంఎం బిట్ సాకెట్ అయితే మెలి తిరగదు, నీ బలమంతా బోల్టుకే పోతుంది.

డబుల్‌నట్:
కుడివైపు అరిగిన దాని గురించి నేను చెప్తా, ఈ పని నాకు బాగా అలవాటు (గర్వపడే విషయమేం కాదు).

మొదట, తల మీద మొద్దు పంచ్ పెట్టి గుంత అంచుల చుట్టూ గట్టిగా నాలుగు దెబ్బలెయ్యి. లోహం లోపలికి ఒరిగి గుంత కొంచెం ఇరుకవుతుంది. అప్పుడు అసలైన 5 ఎంఎం బిట్‌ని సుత్తితో కొట్టి దిగేసి చూడు. ఒక్కోసారి ఇంతే సరిపోతుంది. కాకపోతే టోర్క్స్ టి30 బిట్. నక్షత్రంలా ఆరు కొమ్ములుంటాయి, ఆ కొమ్ముల మధ్య కొలత ఐదున్నర ఎంఎం దగ్గర, అంటే 5 ఎంఎం గుంతలోకి చేత్తో పోదు, కొడితేనే పోతుంది. అదే మనకి కావాల్సింది. సుత్తితో అడుగు తగిలేదాకా దిగెయ్, శబ్దం మారుతుంది చూడు, మెత్తగా ‘థప్’ మనేది ‘టంగ్’ మంటుంది, అప్పుడాపు. చవకరకం బిట్ అయితే కొమ్ములు మెలి తిరుగుతాయి.

సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ ఎవరి దగ్గరైనా దొరికితే ఆ టి30ని దానికి పెట్టు. వెనక దెబ్బ వేస్తే అది లోపలికి నొక్కుతూనే కొంచెం తిప్పుతుంది, జారే అవకాశం ఇవ్వదు. కరెంటు ఇంపాక్ట్ గన్ మాత్రం ఎం6, ఎం8ల జోలికి తేవద్దు, తల ఎగిరిపోయాక గానీ తెలీదు.

అదీ జారితే డ్రిల్లే. కానీ బోల్టు మొత్తం తొలచడం కాదు, తల ఒక్కటే. ముందు 5 ఎంఎం బిట్, గుంతే దారి చూపిస్తుంది కాబట్టి మధ్యలోంచి పక్కకి పోదు. తర్వాత 8 ఎంఎం. తల ఎత్తు నాలుగున్నర ఎంఎం లోపే, అంత లోతు పోగానే తల ఉంగరంలా బిట్‌కి చుట్టుకుని వచ్చేస్తుంది. మిషన్ నెమ్మదిగా తిప్పు, చుక్క చుక్క ఆయిల్ పోస్తూ గట్టిగా నొక్కు. స్పీడు పెంచితే బిట్ కాలి మొద్దుబారుతుంది. కళ్ళకి అద్దాలు పెట్టుకో. తల పోగానే రైల్‌ని పైకి లాగేస్తావు, మిగిలిన కడ్డీ పైకి నిలబడి ఉంటుంది, దాన్ని గ్రిప్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పు. తల లేకపోతే రైల్‌ని బిగించి లాగుతున్న బిగువు కూడా ఉండదు కాబట్టి మామూలుగా కడ్డీ సులువుగానే వస్తుంది.

రైల్ పైకి రాకపోతే తెల్ల పొడి పట్టిందన్నమాట. స్టీలూ అల్యూమినియం తాకి, మధ్యలో నీళ్ళు చేరితే అల్యూమినియమే కరిగి పొడవుతుంది, ఆ పొడి బోల్టుని సీలు వేసినట్టు పట్టుకుంటుంది. రబ్బరు సుత్తితో రైల్‌ని అటూ ఇటూ కొట్టు.

విరిగినఎక్స్‌ట్రాక్టర్:
నా పేరు చూస్తేనే అర్థమై ఉంటుంది. తమ్ముడూ, ఎక్స్‌ట్రాక్టర్ కొనకు.

ఫోన్ హోల్డర్ బిగించడానికి హ్యాండిల్ క్లాంపు ఎం6 బోల్టు తియ్యబోయాను. అరిగింది. మధ్యలో రంధ్రం వేసి ఎక్స్‌ట్రాక్టర్ దిగేసి తిప్పాను, ‘టిక్’ అని చిన్న శబ్దం. అది విరిగి లోపలే ఉండిపోయింది. ఎక్స్‌ట్రాక్టర్ స్టీలు గట్టిదనం డ్రిల్ బిట్‌తో సమానం, మామూలు బిట్ దాని మీద జారుతుందే గానీ కొరకదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది. చివరికి క్లాంపు విప్పి, కరెంటు స్పార్కుతో లోహాన్ని కొంచెం కొంచెంగా తినేసే మిషన్ ఉన్న వర్క్‌షాప్‌లో ఇస్తే తీశారు.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. 5 ఎంఎం కీకి లొంగని బోల్టు, అందులో రంధ్రం వేసి పెట్టిన 3 ఎంఎం ముక్కకి ఎలా లొంగుతుంది? పైగా అది మేకులా ఒక చివర సన్నం ఒక చివర లావు. దిగే కొద్దీ బోల్టుని బయటికి ఉబ్బించి త్రెడ్డుకి ఇంకా గట్టిగా అదుముతుంది. త్రెడ్డు పట్టెయ్యకుండా ఎక్కువ బిగించడం వల్ల తల మాత్రమే తెగిపోయిన బోల్టుకైతే అది బాగా పనిచేస్తుంది. తుప్పుకి కాదు.

గుంతలరోడ్డు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. నాది క్రాష్ గార్డు. ఇంజిన్ మౌంటింగ్ బోల్టు నట్టు తీశాను, బోల్టు సగం వచ్చి ఆగిపోయింది. తిప్పితే కష్టంగా తిరుగుతోంది కానీ బయటికి రావట్లేదు. ఆయిల్ కొట్టి రెండు రోజులైంది.

పాతపానా:
నీది తుప్పు కాదు, బరువు. ఇంజిన్ ఆ బోల్టు మీద కూర్చుని ఉంది. ఇంజిన్ కింద జాకీ, మధ్యలో చెక్క ముక్క పెట్టి చాలా కొంచెంగా లేపు, లేపుతూ రెండో చేత్తో బోల్టుని తిప్పి చూస్తుండు. ఒక చోట హఠాత్తుగా వేళ్ళతోనే తిరుగుతుంది, అక్కడ జాకీ ఆపి లాగెయ్. ఎక్కువ లేపితే మళ్ళీ పై వైపు నుంచి బిగుస్తుంది. ఒకేసారి ఒక్క బోల్టే తియ్యి, అది తీసి క్రాష్ గార్డుది పెట్టాకే రెండోది ముట్టుకో. చివర సుత్తితో కొట్టాల్సి వస్తే నట్టుని బోల్టు చివరతో సమానంగా తిరిగి ఎక్కించి కొట్టు, లేకపోతే త్రెడ్డు నలిగి అదొక కొత్త కథ.

గుంతలరోడ్డు:
చెక్క ముక్క పెట్టి ఇలా లేపానో లేదో, వేలితో తోస్తే వచ్చేసింది. రెండు రోజులు ఆయిల్ వృథా.

సైడ్‌స్టాండ్:
గ్రైండర్ వద్దన్నారు సరే, వేడి పెట్టొచ్చుగా?

డబుల్‌నట్:
పెట్టొచ్చు, ఎక్కడో చూసుకుని. స్టీలు బోల్టు అల్యూమినియంలో పట్టేస్తే వేడి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, అదే వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు వదులవుతుంది. ఎర్ర త్రెడ్ లాక్ (బోల్టు వదులవ్వకుండా త్రెడ్డుకి రాసే గమ్ము) వేసి ఉంటే అది మెత్తబడాలంటే 250 డిగ్రీల దగ్గరకి వెళ్ళాలి, ఆయిల్ ఎంత పోసినా దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. హ్యాండిల్ చివర బరువుల బోల్టులు చాలా బళ్ళలో ఇలా గమ్ము వేసే వస్తాయి, అక్కడ హీట్ గన్ సరైన మందు.

కొత్తపానా బండి వెనక మాత్రం నేను మంట పెట్టను. ఇప్పటికే ఆయిల్ కొట్టాడు, అది అంటుకుంటుంది. ఇంకో మాట, బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట ఎప్పుడూ వేడి పెట్టవద్దు. క్లోరిన్ ఉన్న రకమైతే కాలినప్పుడు ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. తమాషా కాదు.

కొత్తపానా:
మూడు రోజుల తర్వాత వస్తున్నాను. రెండూ వచ్చేశాయి!

ఎడమది మీరు చెప్పినట్టే. గుంత శుభ్రం చేసి, కింద తోక గీకి, రెండు రాత్రులు ఆయిల్ పట్టించాను. 5 ఎంఎం బిట్ సాకెట్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. బిగించే వైపు కొంచెం ఒత్తగానే కీచుమని పాత తలుపులా అరిచింది. ఒక్క క్షణం తెగిందేమో అని గుండె ఆగినంత పనైంది. ఆ తర్వాత పావు చుట్టు అటు, కొంచెం ఇటు, పదిహేను నిమిషాలు పట్టింది.

కుడిది టి30కి లొంగలేదు. దిగింది, ‘టంగ్’ శబ్దం కూడా వచ్చింది, తిప్పితే గుంతే చీలిపోయింది. ఇక తల డ్రిల్ చేశాను. 8 ఎంఎం బిట్‌కి తల ఉంగరంలా చుట్టుకుని వచ్చినప్పుడు నిజంగా నవ్వొచ్చింది. రైల్ మాత్రం కదలలేదు, తెల్ల పొడే, రబ్బరు సుత్తితో పది దెబ్బలు తిన్నాక వదిలింది. కడ్డీని ప్లేయర్‌తో పట్టుకుంటే మొదటి చుట్టు గట్టిగా, తర్వాత వేళ్ళతోనే. బయటికి తీసి చూస్తే పై భాగం త్రెడ్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే మెరుస్తోంది, నట్టు కిందికి పొడుచుకొచ్చిన చివర మాత్రమే తినేసి ఉంది. ఇన్నాళ్ళూ నేను పై నుంచి కొట్టిన ఆయిల్ అక్కడికి చేరనే లేదన్నమాట.

ఇప్పుడు కొత్తవి పెట్టేముందు ఏం రాయాలి? గ్రీజా, గమ్మా? ర్యాక్‌తో వచ్చినవి స్టెయిన్‌లెస్‌వి.

పాతపానా:
శభాష్. ముందు నట్టులో త్రెడ్డు శుభ్రం చెయ్యి. ఎం8, 1.25 పిచ్ (త్రెడ్డు గాళ్ళ మధ్య దూరం, ఎంఎంలో) ట్యాప్, అంటే నట్టు లోపల త్రెడ్డు కోసే పనిముట్టు, ఉంటే సరే. లేకపోతే అదే సైజు మంచి బోల్టు ఒకటి తీసుకుని దాని పొడుగునా రంపం బ్లేడుతో రెండు గాడ్లు కొయ్యి, ఆయిల్ రాసి నట్టులో తిప్పుతూ తీస్తూ ఉండు, తుప్పు పొడంతా ఆ గాడ్లలో చేరి బయటికొస్తుంది.

గ్రీజు, గమ్ము రెండూ ఒకే త్రెడ్డు మీద వద్దు. ర్యాక్ మీద బరువు ఊగుతుంది కాబట్టి నేనైతే త్రెడ్డుకి నీలం రంగు త్రెడ్ లాక్ వేస్తాను, అది మామూలు పానాతోనే ఊడుతుంది, పైగా త్రెడ్డులోకి నీళ్ళు పోనివ్వదు. రైల్ అల్యూమినియం గుండా పోయే భాగానికి మాత్రం యాంటీ సీజ్ (లోహాలు ఒకదానికొకటి పట్టెయ్యకుండా రాసే పేస్టు) పలుచగా, త్రెడ్డుకి తగలకుండా. బిగించాక కింద బయటికొచ్చిన తోకకి కొంచెం గ్రీజు పట్టించు. నాలుగు బోల్టులూ చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కాకే ఏదైనా బిగించడం మొదలుపెట్టు, మొదటిది టైట్ చేసేస్తే నాలుగోదాని రంధ్రం కలవదు. ఎంత బిగించాలో మాన్యువల్ చూడు, ఎం8కి సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. పైన గుంతల్లో కాస్త గ్రీజు నింపి మూసెయ్, మళ్ళీ మట్టి సిమెంటు అవ్వకుండా.

స్టెయిన్‌లెస్ ర్యాక్‌కి పర్లేదు. అవి బాగున్నాయి కదా అని బ్రేక్ కాలిపర్‌కి కూడా అవే పెట్టకు, అక్కడ కంపెనీ ఇచ్చిన బలం గ్రేడే ఉండాలి.

కొత్తపానా:
ర్యాక్ ఎక్కేసింది అన్నా, ధన్యవాదాలు. ఊపు మీద ఉన్నాను కదా అని అద్దాలు కొంచెం బయటికి జరిపే ఎక్స్‌టెన్షన్లు కూడా పెడుతున్నాను. ఎడమ అద్దం వచ్చేసింది. కుడిది పట్టేసింది, ఎంత విప్పినా ఇంకా గట్టిపడుతోంది. ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలెయ్యనా?

విరిగినఎక్స్‌ట్రాక్టర్:
ఆపు ఆపు ఆపు. బండి యమహానా?

కొత్తపానా:
అవును, ఎలా తెలిసింది?

విరిగినఎక్స్‌ట్రాక్టర్:
యమహా వాటిలో చాలావాటికి కుడి అద్దం త్రెడ్డు ఎదురు. గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. నువ్విప్పటిదాకా బిగిస్తున్నావు.

కొత్తపానా:
అటు తిప్పాను. పానా రెండోసారి పెట్టాల్సిన పని కూడా లేకపోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పను.